క్రూయిజ్‌కి ముందు సింగపూర్‌లో రెండు రాత్రులు: మెరీనా బేనా, లిటిల్ ఇండియానా?

ప్రశ్న (మియాపూర్ ప్రయాణికుడు):

అందరికీ నమస్కారం. డిసెంబరులో హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్ళి, అక్కడ నాలుగు రాత్రుల క్రూయిజ్ ఎక్కుతున్నాం. అమ్మ, నాన్న, మా ఆవిడ, ఆరేళ్ళ పాప, నేను. మొత్తం ఐదుగురం, పెద్ద సూట్‌కేసులు నాలుగు. విమానం శనివారం తెల్లవారి 6:40కి దిగుతుంది. రెండు రాత్రులుండి సోమవారం మధ్యాహ్నం ఓడ ఎక్కాలి. టికెట్ మీద "మెరీనా బే క్రూయిజ్ సెంటర్" అని ఉంది. ఏజెంటు మెరీనా బే దగ్గరే హోటల్ తీసుకోమంటున్నాడు, పోర్టు పక్కనే అని. మా అన్నయ్యేమో లిటిల్ ఇండియా అంటున్నాడు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు. అమ్మానాన్నలు శాకాహారులు. పెరుమాళ్ గుడికి వెళ్ళాలని అమ్మ కోరిక. ఎక్కడ దిగమంటారు?

జవాబు 1 (బెడోక్ తెలుగు):

టెర్మినల్ పేరు రాయడం మంచిదైంది, ఎందుకంటే అసలు తికమకంతా అక్కడే. సింగపూర్‌లో పెద్ద ఓడలు ఆగే చోట్లు రెండు. ఒకటి మెరీనా బే క్రూయిజ్ సెంటర్. రెండోది హార్బర్‌ఫ్రంట్‌లోని సింగపూర్ క్రూయిజ్ సెంటర్, సెంటోసా ఎదురుగా ఉంటుంది. వేరేవాళ్ళు వెళ్ళొచ్చిన క్రూయిజ్ చూసి మీ హోటల్ ఎంచుకోవద్దు, మీ టికెట్ మీద ఏముందో అదే లెక్క.

మెరీనా బే అన్న పేరు వింటే పక్కనే అనిపిస్తుంది గానీ, మెరీనా బే శాండ్స్ హోటల్ నుంచి కూడా సూట్‌కేసులు లాక్కుంటూ ఓడ దాకా నడిచే దారి కాదు. ఎలాగూ టాక్సీ ఎక్కాల్సిందే. అలాంటప్పుడు దగ్గర అన్న మాటకి ఎక్కువ అద్దె కట్టడం దండగ. మెట్రో రైల్లో వెళ్తే దిగాల్సిన స్టేషన్ "మెరీనా బే" కాదు, ఆ తర్వాతది, ఎర్ర లైన్ చివర ఉండే "మెరీనా సౌత్ పియర్". బయటికి రాగానే కనిపించే పియర్ భవనం చుట్టుపక్కల చిన్న దీవులకి వెళ్ళే పడవలది. అందులోకి వెళ్ళకుండా పైకప్పున్న దారి పట్టుకుని ముందుకు నడిస్తే క్రూయిజ్ సెంటర్ వస్తుంది.

మీకు నా సలహా ఆ రెండూ కాదు, బూగిస్ అనే పేట. కారణం అమ్మగారి మోకాళ్ళు. బూగిస్‌లో ఆకుపచ్చ లైన్ ఎక్కితే రెండో స్టాపే రాఫెల్స్ ప్లేస్. దిగి, అదే ప్లాట్‌ఫామ్ మీద ఎదురుగా ఆగే ఎర్ర లైన్ రైలు ఎక్కితే నేరుగా మెరీనా సౌత్ పియర్. మెట్లు గానీ ఎస్కలేటర్ గానీ అక్కర్లేదు. అదే లిటిల్ ఇండియా నుంచైతే దోబీ ఘాట్‌లో మారాలి. అక్కడ ఊదా లైన్ నుంచి ఎర్ర లైన్‌కి చాలా దూరం నడిపిస్తారు. లిఫ్టులున్నాయి కానీ వాటిని వెతుక్కోవడమే ఒక పని.

భోజనానికి బెంగ అక్కర్లేదు. బూగిస్ నుంచి డౌన్‌టౌన్ లైన్‌లో రెండు స్టాపులే లిటిల్ ఇండియా.

జవాబు 2 (టెక్కా ఇడ్లీ):

రైలు సంగతి పై వారు చెప్పింది నిజమే. కానీ ఓడ ఎక్కే రోజు నాలుగు సూట్‌కేసులతో ఎవరూ రైలెక్కరు కదా! ఆ ఒక్క రోజు టాక్సీ అనుకుంటే లిటిల్ ఇండియానే నయమని నా అభిప్రాయం. పెద్దవాళ్ళకి పొద్దున్నే కిందికి దిగితే ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ దొరకడం చిన్న విషయం కాదు. సెరంగూన్ రోడ్డు మీద కోమల విలాస్ 1947 నుంచి శాకాహారమే పెడుతోంది. స్టేషన్ పక్కనే తిండి దుకాణాలుండే టెక్కా సెంటర్ ఉంది. అమ్మగారు వెళ్ళాలనుకునే శ్రీనివాస పెరుమాళ్ గుడి ఒక స్టాపు అవతల, ఫారర్ పార్క్ స్టేషన్ దగ్గర. మధ్యాహ్నం పూట గుడి మూసేస్తారు కాబట్టి పొద్దున గానీ సాయంత్రం గానీ వెళ్ళండి.

అయితే అక్కడ గది తీసుకునే ముందు మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది, కిటికీ. ఆ పేటలో తక్కువ అద్దెకి వచ్చే గదులు చాలావాటికి కిటికీయే ఉండదు. బుకింగ్ పేజీలో గది పేరు పక్కన చిన్న అక్షరాల్లో రాస్తారు. రెండోది, గది కొలత. 10 చదరపు మీటర్ల గదిలో మంచం పోగా రెండు పెద్ద సూట్‌కేసులు తెరిచి పెట్టుకునే చోటుండదు, ఒకటి మూస్తే గానీ రెండోది తెరవలేరు. 18కి తగ్గకుండా చూడండి. మూడోది, పాత దుకాణాల ఇళ్ళని హోటళ్ళుగా మార్చినవి కొన్ని ఉన్నాయి, అన్నింట్లో లిఫ్ట్ ఉండదు. ఫోన్ చేసి అడిగాకే డబ్బు కట్టండి.

మీ రెండో రోజు ఆదివారం. ఆ సాయంత్రం లిటిల్ ఇండియా వీధులు కార్మికుల సెలవు రోజు సందడితో కిటకిటలాడతాయి. భయపడాల్సిందేమీ లేదు, కానీ అమ్మగారితో నడవడం కష్టం. గుడి, ముస్తఫా షాపింగ్ శనివారమే పెట్టుకోండి.

మియాపూర్ ప్రయాణికుడు:

ఇద్దరికీ ధన్యవాదాలు. బూగిస్ వైపే మొగ్గుతున్నాను. తెల్లవారి 6:40కి దిగితే గది వెంటనే ఇస్తారా? ఐదుగురం ఒక గ్రాబ్‌లో (యాప్‌లో పిలిచే కారులో) సరిపోతామా?

జవాబు 3 (రెండు సూట్‌కేసులు):

ఇవ్వరండీ. చెక్-ఇన్ మామూలుగా మధ్యాహ్నం 2 లేదా 3 గంటలకి. రాత్రంతా విమానంలో సరిగా నిద్రలేని పెద్దవాళ్ళని ఎనిమిది గంటలు బయట తిప్పితే మిగతా రెండు రోజులూ పాడవుతాయి. ఇద్దరికీ పడుకోవడానికి ఒక గదైనా శుక్రవారం రాత్రి నుంచే బుక్ చేయండి. అప్పుడు "శనివారం ఉదయం 8కి వస్తాం" అని హోటల్‌కి ముందే మెయిల్ పెట్టి జవాబు తీసుకోండి. లేకపోతే రాత్రి రాలేదని బుకింగ్ రద్దు చేసే ప్రమాదం ఉంది. రెండో గది శనివారం నుంచి చాలు, సామాను రిసెప్షన్‌లో పెట్టుకుంటారు. గదుల సంఖ్య దగ్గర సర్దుబాటు ఆశించొద్దు, పాపని కూడా లెక్కలో చూపించండి.

ఐదుగురు మామూలు కారులో పట్టరు, నలుగురే. ఆరు సీట్ల బండి అడగండి. విమానాశ్రయం టాక్సీ స్టాండులోనూ పెద్ద బండి దొరుకుతుంది. పాప ఎత్తు 1.35 మీటర్ల కంటే తక్కువైతే గ్రాబ్ లాంటి ప్రైవేటు కార్లలో పిల్లల సీటు తప్పనిసరి. లేకపోతే డ్రైవరు ఎక్కించుకోడు. టాక్సీలకి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అందుకని యాప్‌లో బుక్ చేసినా టాక్సీయే ఎంచుకోండి.

రైళ్ళకి వీసా, మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ కార్డులు నేరుగా పనిచేస్తాయి. మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్ళలేరు. విదేశీ కార్డు వాడిన ప్రతి రోజుకీ 60 సెంట్లు అదనంగా పడుతుంది. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి. ఇది మర్చిపోయి గేటు దగ్గర ఆగిపోయేవాళ్ళే ఎక్కువ.

ఇక కాగితాలు. మీ ఓడ సింగపూర్ నుంచి బయటికి వెళ్ళి మళ్ళీ సింగపూర్‌కే వస్తుంది కాబట్టి వీసా మీద "మల్టిపుల్" (ఒకటికంటే ఎక్కువసార్లు రావచ్చని) అని ఉందో లేదో ఇప్పుడే చూడండి. ఎస్‌జీ అరైవల్ కార్డు (సింగపూర్‌లోకి రావడానికి ఆన్‌లైన్‌లో నింపే ఫారం) విమానంలో వచ్చేటప్పుడు ఒకసారి, ఓడ దిగేటప్పుడు మరోసారి నింపాలి. చేరే రోజుతో కలిపి మూడు రోజుల్లోపే నింపనిస్తారు. దానికి డబ్బు కట్టక్కర్లేదు, డబ్బడిగే వెబ్‌సైటు ఏదైనా సర్కారుది కాదు. పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు, దేశంలో ఉండేందుకు ఇచ్చే పాస్ మెయిల్‌కే వస్తుంది, కాబట్టి మెయిల్ ఐడీ తప్పు లేకుండా రాయండి.

సోమవారం హోటల్ 11 లేదా 12కి ఖాళీ చేయాలి. మీ బోర్డింగ్ స్లాట్ 2 గంటలకైతే సామాను రిసెప్షన్‌లోనే ఉంచి, భోజనం చేసి బయల్దేరండి. టెర్మినల్ గుమ్మం దగ్గర పెద్ద పెట్టెలు పోర్టర్లకి ఇచ్చేస్తారు. అవి మీ క్యాబిన్‌కి చేరేసరికి సాయంత్రం కావచ్చు. పాస్‌పోర్టులు, అమ్మగారి మందులు, పాప బట్టలు ఒక జత చేతి సంచీలో ఉండాలి. పాస్‌పోర్టు పెట్టెలో పెట్టి ట్యాగ్ కట్టి పంపేస్తే, ఆ పెట్టెని వెతికి దింపేదాకా ఇమ్మిగ్రేషన్ ముందు నిలబడాల్సిందే. ఇస్త్రీపెట్టె, కెటిల్ ఓడలోకి రానివ్వరు, హైదరాబాద్‌లోనే వదిలేయండి.

జవాబు 1 (బెడోక్ తెలుగు):

ఒక్కటి కలుపుతాను. బూగిస్‌లో హోటల్ చూసేటప్పుడు స్టేషన్ పేరుతో ఆగిపోకుండా, మీ హోటల్ వైపు ఉన్న దారికి లిఫ్ట్ ఉందో లేదో మ్యాప్‌లో చూడండి. ప్రతి స్టేషన్‌కీ లిఫ్ట్ ఉంటుంది, కానీ ప్రతి ద్వారానికీ ఉండదు.