కె.వి. రెడ్డి సినిమాల్లో రెండో స్థానం దేనికి?

అనంతపురంలో మా సినిమా మిత్రుల కోసం తాడిపత్రి బిడ్డ, దర్శకుడు కె.వి. రెడ్డి గారి సినిమాలకు వరుస కడుతున్నాను. మొదటిది ‘మాయాబజార్’ (1957), అందులో తగువే లేదు. రెండో స్థానం దగ్గర ఆగిపోయాను. ‘పాతాళభైరవి’ (1951)కా, ‘పెద్దమనుషులు’ (1954)కా?

కథ, నటన, పాటలు, చిత్రీకరణ అని విడివిడిగా మార్కులు వేస్తే సమానంగా వచ్చాయి. రెండూ వెంటవెంటనే మళ్లీ చూశాక టెన్షన్ ఇంకా పెరిగింది. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు తెర మీదికి వస్తే కళ్లు తిప్పుకోలేం. ఇటు ‘పెద్దమనుషులు’ చూస్తే, మంచివాడిగా చెలామణీ అవుతూనే ఊరిని దోచుకునే ఆ మునిసిపల్ ఛైర్మన్! అలాంటి పాత్రను ఆ రోజుల్లోనే అంత ధైర్యంగా చూపించారు. ఇంట్లో అడిగితే పాటలను బట్టి చెప్పేస్తున్నారు.

రెండూ చూసినవాళ్లు చెప్పండి: దర్శకుడి పనితనం ఒక్కటే లెక్కేస్తే రెండో స్థానం దేనికిస్తారు, ఏ సన్నివేశాన్ని బట్టి?