పిల్లల నవలకు ‘లోకాంతర యాత్ర’ అని పేరు పెట్టవచ్చా?

టెక్కలి నుంచి ప్రశ్న: పదేళ్ళ పిల్లల కోసం ఒక ఫాంటసీ నవల తెలుగులోకి తెస్తున్నాం. అన్నాచెల్లెళ్ళు నూతిలోంచి ఇంకో లోకానికి పోయి తిరిగొస్తారు. ‘లోకాంతర యాత్ర’ బాగుంటుందా, మాస్టారూ?

బొబ్బిలి నుంచి: వద్దమ్మా. విడదీసి చూస్తే తప్పేమీ లేదు, ‘వేరే లోకం’ అనే అర్థం. కాని లోకాంతరగతుడంటే చనిపోయినవాడు. పరలోకం, పైలోకం, ‘ఈ లోకం విడిచి’ అన్నీ ఆ దారివే. అట్ట మీద ఆ పేరు చూస్తే ఏ నాయనమ్మా పుస్తకం మనవరాలి చేతికివ్వదు.

పేరు మార్చితే చాలదు, క్రియ కూడా చూడండి. ‘పిల్లలు ఆ లోకానికి వెళ్ళిపోయారు’ అంటే, మన వైపు ‘ఎల్లిపోనారు’ అంటే, చావుకబురులా వినిపిస్తుంది. గుమ్మం దాటేటప్పుడు ‘వెళ్తాను’ అనం కదా, ‘వెళ్ళొస్తాను’ అంటాం. తిరిగి రావడం ఆ మాటలోనే ఉంది. అయితే కథ మధ్యలో ‘వెళ్ళొచ్చారు’ అంటే ముగింపు ముందే తెలిసిపోతుంది. అక్కడ ‘అడుగుపెట్టారు’ అనండి.

రాజాం నుంచి: నూతి దగ్గర కూడా జాగ్రత్తండి. చెల్లెలు ‘దూకింది’ అంటే అఘాయిత్యం, ‘పడింది’ అంటే ప్రమాదం. గట్టు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి వేసి, మెట్టు తగిలాక ‘దిగింది’ అనండి. విభక్తి చేరితే నుయ్యి ‘నూతి’ అవుతుంది: నూతిలో, నూతికి. ‘నుయ్యిలో’ అని అచ్చుకు పంపకండి.

టెక్కలి నుంచి: రెండు లోకాల నడుమ చీకటికి ‘శూన్యం’ అని రాశాం.

బొబ్బిలి నుంచి: శూన్యమంటే ఏమీ లేనిది. మీ పిల్లలు తడుముకుంటూ నడుస్తున్నది చీకట్లో. గజేంద్రమోక్షంలో పోతన వాడిన మాట ఉంది, ‘పెంజీకటి’. లోకాలన్నీ పోయాక మిగిలిన ఆ చీకటికి అవతల వెలిగేవాణ్ణి సేవిస్తానంటాడు గజేంద్రుడు. ఇంత భయంలోనూ అవతల వెలుగుందని చెప్పే మాట ఇంకొకటి నాకు తోచదు. పెను, చీకటి కలిసి పెంజీకటి. పేరు కూడా ‘పెంజీకటికి అవతల’ అని పెట్టేయండి. పద్యంలోలా ‘పెంజీకటి కవ్వల’ అని విడగొట్టి మాత్రం వేయకండి. అది పెంజీకటికి, అవ్వల కలిసిన సంధి. విడగొడితే ‘కవ్వల’ ఏమిటని పిల్లలు నిఘంటువు వెతుకుతారు.