థాయిలాండ్ రిటైర్మెంట్ వీసా: భార్యకు కూడా విడిగా డబ్బు చూపించాలా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నా వయసు 62, మా శ్రీమతికి 48. 90 రోజుల నాన్ ఇమిగ్రెంట్ ఓ వీసాతో థాయిలాండ్ వెళ్లి, అక్కడే దానిని ఏడాదికి పొడిగించుకుని చియాంగ్ మాయిలో ఉండాలని మా ఆలోచన. ఇద్దరికీ కలిపి 16 లక్షల బాత్ బ్యాంకులో ఉంచాలా, లేక 8 లక్షలు సరిపోతాయా? ఉమ్మడి ఖాతా చెల్లుతుందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: నమస్కారమండీ. మీకు 8 లక్షలు సరిపోతాయి. సొంతంగా రిటైర్మెంట్ పొడిగింపు అడగడానికి 50 ఏళ్లు నిండి ఉండాలి కనుక, మీరు ప్రధాన దరఖాస్తుదారుగానూ, మీ శ్రీమతి మీపై ఆధారపడిన భార్యగానూ దరఖాస్తు చేసుకోవాలి. ఆ పద్ధతిలో ఆమెకు వయసు నిబంధన లేదు, విడిగా డబ్బు చూపనక్కరలేదు. అయితే ఆమెకు కూడా నాన్ ఇమిగ్రెంట్ వీసా ఉండి తీరాలి. రుసుము మాత్రం ఎవరిది వారికే, మనిషికి 1,900 బాత్.

ఉమ్మడి ఖాతా జోలికి వెళ్లకండి. అందులోని సొమ్ములో సగమే మీదని లెక్కగట్టే అధికారులు ఉన్నారు. థాయ్ బ్యాంకులో మీ ఒక్కరి పేరునే ఖాతా ఉండడం మేలు. ఆమె విషయంలో అసలు కీలకం వివాహ ధ్రువపత్రం. దానిని అధికారికంగా ధ్రువీకరించి, థాయ్ భాషలోకి అనువదింపజేసి సిద్ధంగా ఉంచుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ధ్రువపత్రంలో పొడి అక్షరమే ఉంటే ఆ రెండు పేర్లూ ఒకే వ్యక్తివని అక్కడి అధికారికి నచ్చజెప్పడం కష్టం కనుక, ఆ తేడాను బయలుదేరక ముందే సరిచేయించుకోండి.

అనుబంధ ప్రశ్న: చాలా కృతజ్ఞతలండీ. ఆ 8 లక్షలు ఏడాది పొడవునా కదిలించకూడదా?

జవాబు: కదిలించవచ్చు గానీ లెక్క తప్పకూడదు. దరఖాస్తుకు కనీసం రెండు నెలల ముందు నుంచి, మంజూరైన తరువాత మూడు నెలల వరకు 8 లక్షలు తగ్గకుండా ఉండాలి. మిగిలిన కాలంలో 4 లక్షలకు దిగువకు పోకూడదు. ఉదాహరణకు జూన్ 10న దరఖాస్తు చేసి అదే రోజు మంజూరైతే, ఏప్రిల్ 10 నాటికే మొత్తం జమ అయి, సెప్టెంబరు 10 వరకు అలాగే ఉండాలి. ఆ తరువాత సగం వరకు వాడుకుని, మరుసటి ఏప్రిల్ 10కి కాస్త ముందుగానే తిరిగి 8 లక్షలకు నింపాలి. ఒక్క రోజు ఒక్క బాత్ తగ్గినా పాస్‌బుక్కులో కనబడుతుంది. దరఖాస్తు రోజు ఉదయం ఖాతాలో 100 బాత్ వేసి, ఆ తేదీతో పాస్‌బుక్కులో పద్దు అచ్చు వేయించుకుని, బ్యాంకు ఇచ్చే నిల్వ పత్రంతో పాటు తీసుకువెళ్లండి. నెలకు 65,000 బాత్ ఆదాయం చూపే మార్గం కూడా ఉంది గానీ, ప్రతి నెలా విదేశం నుంచి జమలు తప్పకుండా రావాలి కనుక నాకైతే డిపాజిట్టే నిశ్చింతగా తోస్తుంది.

మరొక సభ్యుని జవాబు: పై సమాధానాలన్నీ సరైనవే. అందరూ ఎత్తడానికి జంకే సంగతి ఒకటి చెబుతాను, అన్యథా భావించకండి. ఆధారపడిన భార్య అనుమతి భర్త అనుమతిని పట్టుకునే ఉంటుంది. ఆయనకు ఏదైనా జరిగితే ఆమె పొడిగింపుకు ఆధారం పోతుంది. ఆయన ఒక్కరి పేరున ఉన్న ఖాతా మరణవార్త బ్యాంకుకు చేరగానే స్తంభించి, కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా తెరుచుకోదు. ఆమె సొంతంగా అడగాలన్నా 8 లక్షలు తన పేరున రెండు నెలలుగా ఉండాలి కదా! అందుకని మీ శ్రీమతికి 50 నిండగానే, స్తోమత ఉంటే, ఆమె పేరున వేరే ఖాతాలో వేరే 8 లక్షలు వేసి ఆమెను స్వతంత్ర దరఖాస్తుదారుగా మార్చండి. అంత వీలుకాకపోయినా ఆమె పేరున ఒక ఖాతా ఇప్పుడే తెరిచి, థాయిలాండ్‌లోని ఆస్తికి అక్కడే వీలునామా రాయించడం మంచిది.

ప్రశ్న: నిజమేనండీ, అంత దూరం ఆలోచించలేదు. వీలునామా సంగతి వెళ్లగానే చూస్తాము. మధ్యలో దేశం దాటి వస్తే ఏమవుతుంది?

జవాబు: రీఎంట్రీ పర్మిట్ (తిరిగి ప్రవేశించేందుకు ముందే తీసుకునే అనుమతి) లేకుండా దేశం దాటితే పొడిగింపు రద్దవుతుంది. దాని రుసుము ఒకసారికి 1,000, ఎన్నిసార్లయినా అయితే 3,800 బాత్. ఇద్దరూ విడివిడిగా తీసుకోవాలి. దేశంలోనే ఉంటే ప్రతి 90 రోజులకు ఇమిగ్రేషన్ కార్యాలయానికి చిరునామా తెలియజేయాలి, బయటికి వెళ్లి వస్తే ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఇంటి యజమాని మీ బస గురించి టీఎం 30 (విదేశీయుడు తన ఇంట్లో ఉంటున్నట్టు ఇమిగ్రేషన్‌కు తెలిపే పత్రం) సమర్పించాడో లేదో అద్దె ఒప్పందం నాడే అడిగి, ఆ రసీదు ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. పొడిగింపు సమయంలో దానిని అడుగుతారు.