4 సో ఎత్తి పిట్టను పడేస్తే తప్పా?

నిషికసాయ్_నాని:
మేం నలుగురం శుక్రవారం రాత్రుళ్లు రీచీ మాజాంగ్ (పేకలాగే ముక్కలు ఎత్తి పడేసే జపాన్ ఆట) ఆడుకుంటాం, అంతా తెలుగువాళ్లమే. మొన్న నా చేతిలో 1-2-3 సో (వెదురు గుర్తు ముక్కలు) వరుస ఉంది. ఎడమ పక్కనున్నాయన 4 సో పడేశాడు. నేను చీ (వరుస కోసం ఎడమవాడి ముక్క ఎత్తడం) అని, నా 2, 3 దాంతో కలిపి బయట పెట్టి, 1 సో, అదే ఆ పిట్ట బొమ్మ ముక్క, పడేశాను. దాంతో 1లు, 9లు, గాలి ముక్కలు ఏవీ మిగల్లేదు, తాన్యావో అనే గెలుపు కలయిక కుదిరింది. ఆ తర్వాత ఇంకొకరు పడేసిన ముక్కతో గెలిచి రాన్ అన్నాను. డోరా (బోనస్ ముక్కలు) రెండు, ఎర్ర 5 ఒకటి, తాన్యావోతో కలిపి 4 హాన్ (చేతి విలువ లెక్క), 7700 పాయింట్లు. అప్పుడు ఇంటాయన "చెల్లదు, కుయికాయే" అన్నాడు. ఎత్తిన ముక్కనే పడేస్తే తప్పని నాకూ తెలుసు. నేను ఎత్తింది 4, పడేసింది 1. ఎలా తప్పవుతుంది?

ఉత్తర_గాలి:
కుయికాయే రెండు రకాలు. ఎత్తిన ముక్కనే పడేయడం ఒకటి. నువ్వు చేసింది రెండోది, సుజి రకం. 2-3కి 1 వచ్చినా వరుసే, 4 వచ్చినా వరుసే. చీ ఉన్నది లేని వరుస పూర్తి చేసుకోవడానికి. నీకు వరుస ముందే ఉంది, ఒక చివర ఊడదీసి రెండో చివర అతికించావు, అంతే. పక్కవాడి ముక్కతో నీ చేతికి మెరుగులు దిద్దుకున్నావన్నమాట.

నిషికసాయ్_నాని:
ఊరికే దిద్దుకున్నానా? చీ అన్నాక రీచీ (మూసిన చేతితో కట్టే గెలుపు పందెం) పోయింది, దాంతో వచ్చే ఉరా డోరా బోనస్ పోయింది, ఆ చుట్టుకి గోడలోంచి ముక్క తీసుకునే వంతు కూడా పోయింది. అదే 4 గోడలోంచి వచ్చి 1 పడేసుంటే ఎవరూ నోరెత్తరు. ఖరీదు కట్టే కొన్నాను కదండీ.

పాత_రమ్మీ:
మా మావయ్య 13 ముక్కల రమ్మీలో కింద ముక్క ఎత్తి మళ్లీ అదే పడేస్తే చెయ్యి పట్టుకునేవాడు. ఇక్కడా 13 ముక్కలేగా, అదే రూలేమో.

నిషికసాయ్_నాని:
అయ్యా, అదే ముక్క కాదని పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నా.

గోడ_చివర:
చీ కంటే పోన్‌కి, అంటే ఒకేలాంటి మూడింటి కోసం ఎత్తడానికి, ముందు హక్కు ఉంటుంది. మర్చిపోవద్దు.

నిషికసాయ్_నాని:
ఇక్కడ పోన్ ఎవరన్నారు???

గోడ_చివర:
ఊరికే చెప్పా.

ఉత్తర_గాలి:
ఖరీదు సంగతి కాదు తమ్ముడూ. మాజాంగ్ సోల్ యాప్‌లో 2-3తో 4 ఎత్తి చూడు, నీ 1 మసకబారిపోతుంది, నొక్కినా కదలదు. బల్ల మీద మసకబార్చే దిక్కు లేదు కాబట్టి ఆడేవాడే చూసుకోవాలి. పడేశాక ఇక ఆ ఆటకి గెలిచే హక్కు పోతుంది, అగారి హౌకి అంటారు. డబ్బు కట్టించలేదంటే నీ అదృష్టం.

నిషికసాయ్_నాని:
యాప్ చెప్పిందే వేదమా? ఇంట్లో ఆడే ఆటకి బల్ల దగ్గర ఏం అనుకుంటే అదే రూలు. మొదలుపెట్టే ముందు ఇంటాయన "అరి-అరి" అన్నాడు. అరి అంటే ఉంది అని. అన్నీ ఉన్నట్టేగా?

ఇంటాయన:
ఎవరో లింక్ పంపితే వచ్చాను. నాని, నేను అరి-అరి అన్నది రెండు సంగతులకి. బయటపెట్టిన చేతితో తాన్యావో చెల్లుతుంది, యాకు (గెలవడానికి కావాల్సిన కలయిక) ఖాయం కాకముందే ఎత్తుకోవచ్చు. కుయితాన్, అతోజుకే, అంతే. ఆ మాటలో కుయికాయే ఎప్పుడూ లేదు.

నిషికసాయ్_నాని:
ఇప్పుడు చెబుతున్నావన్నా. ఆ రోజు చెప్పలేదు.

ఇంటాయన:
సరే, పోయిన నెల సంగతి చెప్పనా? నా చేతిలో 7-8 సో, 6కీ 9కీ ఎదురు చూస్తున్నా. నువ్వు 6 పడేశావు, రాన్ అన్నా. నువ్వు వంగి నేను పడేసిన వరుసలన్నీ చూసి, 9 ఉంది, ఫురితెన్, ఎదురుచూసే ముక్క ముందే పడేసుంటే రాన్ చెల్లదు అన్నావు. నేను గెలిచింది 6తో, పడేసింది 9 అన్నా వినలేదు. "రెండు చివర్లూ ఒకటే అన్నా, రూలు రూలే" అని నవ్వుతూ 8000 చోంబో, అదే జరిమానా, కట్టించావు. మరి నీ 1కీ 4కీ వచ్చేసరికి రెండు చివర్లూ వేరయిపోయాయా?

పాత_రమ్మీ:
అబ్బో.

ఉత్తర_గాలి:
ఇంకేముంది, తేలిపోయింది.

నిషికసాయ్_నాని:
ఏమీ తేలలేదు. ఫురితెన్ నువ్వు ముక్కలు తెరిచాకే తెలుస్తుంది, ముందు ఎవరికీ కనిపించదు. నాది అలా కాదే! ఎడమ చివర అడ్డంగా పడుకున్న 4, పక్కన 2, 3, అందరి కళ్ల ముందే ఉన్నాయి. పిట్ట నా రెండో వరుసలో మొదటి ముక్క. నేను రాన్ అనేసరికి ఆరు ముక్కలతో ఆ వరుస నిండిపోయింది. అంతసేపూ ఒక్కరూ మాట్లాడలేదు. నేను గెలవకపోయుంటే ఈ కుయికాయే మాట ఎత్తేవాడివా? నా బాధ రూలు గురించి కాదన్నా. నేను ఓడితే ఊరుకుని, గెలిస్తేనే రూలు తీస్తావు.

ఇంటాయన:
చూడలేదు నాని. నిజంగా చూడలేదు. నీ ముందు వాడు రీచీ కొట్టాడు, నా కళ్లు వాడి వరుసల మీదే ఉన్నాయి. చూసుంటే అప్పుడే చెప్పేవాణ్ని. అయినా నువ్వు పడేసిన ముక్కకి నేను కాపలా ఉండాలా?

నిషికసాయ్_నాని:
నలుగురూ ఉండాలి. తర్వాతి ముక్క తీసేలోపు ఎవరూ అనకపోతే చెల్లినట్టే అనుకుందాం.

ఇంటాయన:
అదెలా కుదురుతుంది? అయితే ఎవరూ చూడకపోతే తప్పు చేసుకోవచ్చన్నమాట!

నిషికసాయ్_నాని:
నేను దొంగాట ఆడానంటున్నావా?

ఇంటాయన:
అనలేదు. ఈ శుక్రవారం కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తా. కుయికాయే రెండు రకాలూ లేవు, చేస్తే ఆ ఆటకి రాన్ లేదు.

నిషికసాయ్_నాని:
అంటించు. ఎవరైనా చూస్తే అప్పుడే చెప్పాలని కూడా రాయి. పాత 7700 మాత్రం నేను ఒప్పుకోలేదు.

గోడ_చివర:
చిన్న డౌట్. ఎర్ర 5 చీ చేసి మామూలు 5 పడేస్తే?

ఉత్తర_గాలి:
అదీ కుయికాయేనే. 5 అంటే 5.

నిషికసాయ్_నాని:
రంగు వేరు కదండీ. డోరా ఎక్కువొస్తుంది కూడా.

ఇంటాయన:
నాని.