బెదిరే గుర్రాన్ని బండి ఎక్కించాలంటే మత్తు సూది వేయించొచ్చా?

దెగ్లూరు కుర్రాడు:
మా దగ్గర బారాత్‌లకు తిప్పే ఆడగుర్రం ఉంది, ఐదేళ్లది. బ్యాండు మోతకు, పటాకులకు బెదరదు. పికప్ వెనక తలుపు దించితే మాత్రం వణుకుతుంది, చెమటలు పడుతుంది, లాగితే వెనక్కి తంతుంది. ఇన్నాళ్లూ చుట్టుపక్కల ఊళ్లే కాబట్టి నడిపించుకుని పోయాం. ఈసారి మార్గశిరంలో మాళేగావ్ ఖండోబా జాతరకు తీసుకుపోవాలి (నాందేడ్ జిల్లా లోహా తాలూకా మాళేగావ్, నాసిక్ వైపుది కాదు). మత్తు సూది వేయించి ఎక్కిద్దామని బాబాయ్, వద్దని నాన్న. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. మీరేమంటారు?

బిలోలి:
సూదీ వద్దు, ఏమీ వద్దు. కళ్లకు గంతలు కట్టి, వెనక నుంచి తాడు వేసి ఇద్దరు నెట్టండి. పది నిమిషాల పని.

కుండల్‌వాడి:
మా ఊళ్లో జాతర గుర్రాలకు సూదే. ఎక్కేటప్పుడు గోల లేదు, దారిలోనూ లేదు. దానికీ టెన్షన్ తప్పుతుంది. అదేదో పాపం చేసినట్టు మాట్లాడతారెందుకో.

ధర్మాబాద్ కాకా:
తమ్మీ, మీ నాన్న మాట విను. బండి కదిలాక గుర్రానికి ఉన్న పని ఒక్కటే, పడకుండా నిలబడటం. బ్రేక్ పడినా, మలుపు వచ్చినా, చక్రం గుంతలో దిగినా కాళ్లు సర్దుకుంటూ ఉండాలి. మత్తు పోగొట్టేది సరిగ్గా దాన్నే. జైలజిన్ అనే మత్తుమందు వేస్తే తల వాలిపోతుంది, కాళ్లు తూలతాయి. పైగా అది ఎక్కువసేపు ఉండదు, నడిరోడ్డు మీద తెలివి వస్తుంది. ఎసిప్రోమజిన్ అనే ఇంకో మందు ఇంకాస్త సేపు పనిచేస్తుంది కానీ రక్తపోటు దించుతుంది. మగ గుర్రాలకైతే అంగం బయటికి జారి లోపలికి పోని ప్రమాదం కూడా ఉంది. ఇంకో సంగతి, అప్పటికే బెదిరిపోయిన గుర్రానికి మందు సరిగా పట్టదు. అప్పుడు డోసు పెంచుతారు, అసలు గొడవ అక్కడే.

కుండల్‌వాడి తమ్ముడు గోల లేదన్నాడు. నిజమే, గోల చేసే సత్తువ ఉండదు. భయం మాత్రం ఎక్కడికీ పోదు, వచ్చేసారి మళ్లీ సూది కావాలి. గంతల పద్ధతి అలవాటున్న గుర్రానికి చెల్లుతుందేమో. దీనికి అడుగు ఎక్కడ వేయాలో తెలియక ముంగాలు అంచుకు కొట్టుకుందంటే, ఆ తర్వాత పికప్‌ను చూస్తేనే పారిపోతుంది.

అసలు దేనికి భయపడుతోందో చూడు. ఎండలోంచి చీకట్లోకి చూపు సర్దుకోవడానికి గుర్రానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. టార్పాలిన్ కప్పిన బండి లోపలంతా దానికి నల్లటి గొయ్యి. కాలు పెడితే రేకు డబడబా మోగుతుంది, డెక్క జారుతుంది. కాబట్టి టార్పాలిన్ తీసెయ్. పొలం గట్టుకు బండిని వెనకనుంచి ఆనించు, నేల, బండి ఒకే ఎత్తుకు రావాలి. లోపల తడి ఇసుక పోసి పాత గోనెలు పరుచు. జొన్న చొప్ప, నానబెట్టిన శనగలు మొదట తలుపు దగ్గరే పెట్టు, తర్వాత కొంచెం కొంచెం లోపలికి జరుపు. అది అడుగు ముందుకు వేసిన క్షణంలోనే తాడు వదులు చెయ్యాలి. మొండికేస్తే గట్టిగా లాగొద్దు, ఉన్నచోటే పట్టుకుని నిలబడు. చాలామంది ఎక్కడం నేర్పుతారు, వెనక్కి దిగడం నేర్పరు. దిగేటప్పుడు కాలు జారినా ఆ భయం దాని మనసులో ఉండిపోతుంది. తలుపు వేయడం, ఇంజిన్ ఆన్ చేయడం, పొలం చుట్టూ ఒక రౌండు, ఇవన్నీ ఆ తర్వాత, ఒక్కోటిగా.

పికప్ డ్రైవర్:
వినడానికి బాగుంది కాకా. మీ గట్టుకు ఆనించి సాయంత్రమంతా నా బండి నిలబెడితే కిస్తీ ఎవరు కడతారు?

ధర్మాబాద్ కాకా:
నీ బండి చివర్లో చాలు. మొదట ట్రాక్టర్ ట్రాలీ మీద నేర్పొచ్చు, ఎవరో ఒకరి దగ్గర ఖాళీగానే ఉంటుంది. రెండు చక్రాల ట్రాలీ అయితే ట్రాక్టర్‌కు తగిలించే ఉంచాలి. లేకపోతే వెనక బరువు పడగానే ముందు భాగం లేస్తుంది, ఇక గుర్రం జన్మలో ఎక్కదు.

దెగ్లూరు కుర్రాడు:
ట్రాలీ మా మామయ్య వాళ్లది ఉంది. మరి రాత్రిపూట కడుపునొప్పి వచ్చి ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వస్తే? అప్పుడూ శనగలు పెడుతూ కూర్చోవాలా?

ధర్మాబాద్ కాకా:
అది వేరు. అప్పుడు డాక్టర్ వచ్చి చూసి, సూది వేయాలంటే వేస్తాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వేసే సూదిని జాతరకు వేయడమే నాకు నచ్చనిది. కాంపౌండర్ చేత వేయించే పని అసలే వద్దు.

కుండల్‌వాడి:
ట్రాలీ దాకా ఒప్పుకుంటా. జాతరలోపు ఎక్కకపోతే మాత్రం సూదే.

ధర్మాబాద్ కాకా:
ఎక్కకపోతే ఈ ఏడు జాతర మానేస్తే సరి. నువ్వు ఒప్పుకోవని తెలుసు.

దెగ్లూరు తమ్మీ, నువ్వు ఎలాగూ డాక్టర్ దగ్గరికి పోవాలి. 1978 నాటి జంతువుల రవాణా నియమాల ప్రకారం, గుర్రం ప్రయాణానికి పనికొస్తుందని, అంటురోగం లేదని సర్టిఫికెట్ ఉండాలి. సూది గురించి ఆయన్నే అడుగు. ఆ నియమాల్లోనే ఉంది, గుర్రాలున్న బండి గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదని. ఎదురు బండ్లకు బెదరకుండా తలలు ఎడమవైపు ఉండాలని కూడా ఉంది. పికప్‌లో అడ్డంగా నిలబెట్టే వెడల్పు లేదు, అది లారీలకు కుదిరేది.

పికప్ డ్రైవర్:
35 మీద పోతే కిరాయి మారుతుంది, ముందే చెబుతున్నా. రాత్రి పోదామా, రోడ్డు ఖాళీగా ఉంటుంది?

ధర్మాబాద్ కాకా:
రాత్రి వద్దు, ఎదురు లైట్లు కళ్లలో కొడతాయి. తెల్లవారుతుండగా బయలుదేరండి. తాడు మరీ కురచగా కట్టొద్దు. గంటల తరబడి తల దించలేకపోతే ముక్కులోని చెత్త కిందికి కారక ఊపిరితిత్తుల్లోకి దిగి జ్వరం వస్తుంది. దారిలో ఆగి తల కిందికి దించనివ్వు. కొత్త ఊరి నీళ్లు కొన్ని గుర్రాలు ముట్టవు, ఇంటి నీళ్లు రెండు క్యాన్లు వేసుకో. కిరాయి సంగతి మీరూ మీరూ చూసుకోండి.