ఈ ఫోర్జరీ ఖైదీ కథకు పొంతన కుదరడం లేదు, ఎవరైనా చెప్పండి

సిడ్నీ అమ్మ:
సాయంత్రం నుంచి కూర్చున్నాను, తల తిరిగిపోతోంది. రేపు మా అమ్మాయి స్కూల్లో ప్రెజెంటేషన్. ఫోర్జరీ కేసులో 14 ఏళ్ల శిక్షపడి ఇంగ్లండు నుంచి ఇక్కడికి ఓడలో వచ్చిన ఖైదీ గురించి. గవర్నరు పిలిచి ఉద్యోగమిచ్చాడని ఒకచోట ఉంది. వచ్చిన ఏడాదికే మళ్లీ దొంగనోట్లు అచ్చువేస్తే ఇక్కడి న్యూకాజిల్‌కు (సిడ్నీకి ఉత్తరాన ఉన్నది, ఇంగ్లండుది కాదు) తోలేశారని ఇంకోచోట. ఓడ అదే, శిక్ష అదే, బొమ్మలు గీస్తాడనీ రెండుచోట్లా ఉంది. ఏది నమ్మాలి? ఒకటే టెన్షన్.

తీరంవాసి:
పేరు? ఓడ?

ప్లీడరుగారి మనవడు:
ముందు ఆ శిక్షకు మన మాట ఉంది, వాడుదాం: ద్వీపాంతరవాసం. 2024 జూలై 1 దాకా అమల్లో ఉన్న మన పీనల్ కోడ్ 467 సెక్షన్‌లో, వీలునామాలూ విలువైన పత్రాలూ ఫోర్జరీ చేస్తే పడే గరిష్ఠ శిక్ష మొదట్లో ఇదే. 1956 జనవరి 1 నుంచి అది యావజ్జీవ కారాగారం అయింది. తాతగారి పుస్తకంలో పాత మాటను ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన కొత్తది రాసుకున్నారు, ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

మ్యాపులపిచ్చి:
ఆస్ట్రేలియా ఖండం కదండీ, ద్వీపాంతరం ఎలా అవుతుంది? దేశబహిష్కరణ అంటే చాలు.

ప్లీడరుగారి మనవడు:
చాలదు. బహిష్కరించిన మనిషి ఎల్ల దాటాక ఎక్కడైనా బతకొచ్చు. ఇక్కడ ఓడ దిగాక కూడా శిక్ష నడుస్తూనే ఉంటుంది, సర్కారు చెప్పిన పని చెయ్యాల్సిందే.

సిడ్నీ అమ్మ:
మాటల సంగతి తర్వాత చూద్దామండీ, దయచేసి. ఓడ జనరల్ హ్యూయిట్, 1814. మనిషి గ్రీన్‌వే, ఇక్కడ ఖైదీలను ఉంచిన హైడ్ పార్క్ బ్యారక్స్ భవనం డిజైన్ చేసినాయన. తెలిసిందే కదా అని పేరు రాయలేదు. పోయిన వారమే పిల్లను తీసుకెళ్లి చూపించాను. పై అంతస్తులో వరసగా కట్టిన గుడ్డ ఊయలలు, ఒకరు కదిలితే పక్కవాడికి తగిలేంత దగ్గరగా. అది చూసే ఈ టాపిక్ తీసుకుంది.

పాతనోట్ల పెట్టె:
వాళ్లు ఇద్దరమ్మా! ఫ్రాన్సిస్ గ్రీన్‌వే, జోసెఫ్ లైసెట్. ఇద్దరిదీ ఫోర్జరీయే, ఇద్దరికీ 14 ఏళ్లే, ఇద్దరూ 1814 ఫిబ్రవరిలో ఆ ఓడలోనే దిగారు.

గ్రీన్‌వే బ్రిస్టల్ ఆర్కిటెక్టు. 1809లో దివాలా తీశాడు. ఒక ఇంటి కాంట్రాక్టు తాలూకు పత్రం ఫోర్జరీ చేశాడని కేసు పెడితే 1812లో నేరం ఒప్పుకున్నాడు. అప్పట్లో దానికి ఉరే. దాన్ని 14 ఏళ్లకు మార్చారు. ఆయన దిగిన కొన్ని నెలలకే భార్య, ముగ్గురు పిల్లలు వేరే ఓడలో వచ్చారు. గవర్నరు మాక్వారీ 1816లో సర్కారు కట్టడాల పని అప్పజెప్పాడు. లైట్‌హౌస్ కట్టాక షరతులతో క్షమాభిక్ష, బ్యారక్స్ అయ్యాక 1819లో పూర్తిగా.

నోట్లు అచ్చువేసింది లైసెట్. 1815లో సిడ్నీ అంతా దొంగ అయిదు షిల్లింగుల నోట్లు తిరిగాయి. న్యూకాజిల్ పంపింది అతన్నే. గ్రీన్‌వేను దొంగనోట్లవాడు అనకండి, ఆయనది పత్రం కేసు.

1966లో వచ్చిన మొదటి పది డాలర్ల నోటు మీద బొమ్మ గ్రీన్‌వేదే. నా దగ్గరొకటి ఉంది, సరిగ్గా ఆయన చెంప మీద మడత పడింది. ఫొటో పెడతాను, పాపకు చూపించండి.

తీరంవాసి:
ఆ ఓడలో 300 మంది ఖైదీలు ఎక్కారు. 34 మంది దారిలోనే పోయారు. అదీ చెప్పించండి. ఆ ఏడాదే డాక్టర్ రెడ్‌ఫర్న్ ఖైదీల ఓడల మీద రిపోర్టు ఇచ్చాడు: గాలి, బట్టలు, శుభ్రత, మంచి వైద్యుడు ఉండాలని. ఆయనా ఖైదీగా వచ్చినవాడే.

సిడ్నీ అమ్మ:
అమ్మయ్య, ఇద్దరన్నమాట. స్లైడ్లు మారుస్తున్నాను. థాంక్సండీ.

మ్యాపులపిచ్చి:
న్యూకాజిల్ కూడా అదే తీరంలో ఉంది కదా. మరి అక్కడికి పంపడాన్ని ఏమనాలి, ద్వీపాంతరవాసంలో ఇంకో ద్వీపాంతరవాసమా?