అనగననగ రాగ మతిశయిల్లుచునుండు: ఇందులో రాగం పాటేనా?

అందరికీ నమస్కారం, మాది కావలి. ఈ ఎండలకి మధ్యాహ్నం గడప దాటే పని లేక ఒక ఇంగ్లీషు నవల పట్టుకున్నా. ఐస్ హాకీ ఆడే అబ్బాయికీ ఫిగర్ స్కేటింగ్ (బ్లేడు బూట్లతో మంచు మీద జారుతూ నాట్యంలా చేసేది) చేసే అమ్మాయికీ ప్రేమకథ, ప్రేమ నిదానంగా రాజుకునే ఇలాంటివాటిని స్లో బర్న్ అంటున్నారు. ఐస్ అంటే మాకు జువ్వలదిన్నెలో చేపల పెట్టెల్లో పోసేదే, దాని మీద ఆటేందబ్బా అనుకుంటూ మొదలుపెట్టి సగానికొచ్చా. ఇంతవరకు వాళ్ళు చెయ్యి కూడా పట్టుకోలేదు, నేనేమో పుస్తకం వదల్లేకపోతున్నా. ఆ మధ్యలో ఈ పద్యం గుర్తొచ్చింది:

అనగననగ రాగ మతిశయిల్లుచునుండు
తినగ తినగ వేము తియ్యనుండు
సాధనమున పనులు సమకూరు ధరలోన
విశ్వదాభిరామ వినుర వేమ

బళ్ళో దీన్ని బుద్ధిగా చదువుకోమని చెప్పే పద్యంగానే నేర్పారు. కానీ రాగం, వేము, సాధన, మూడూ ఈ నవలకి అతికినట్టున్నాయి. ఇద్దరికీ ఒకటే రింకు, అంటే మంచు పరిచిన మైదానం. ఫిగర్ స్కేటు బ్లేడుకి ముందు పళ్ళుంటాయి, ఆమె ఎగిరేటప్పుడు అవి మంచులో గుంటలు పెడతాయి, అతనికి అదే మంట. అతని ప్రాక్టీసయ్యాక ఒక బండి వచ్చి మంచు పైపొర గీకి, నీళ్ళు పరిచి నున్నగా చేసేదాకా ఆమె దిగకూడదు, ఆ కాసేపూ ఇద్దరూ ఒకే బెంచీ మీద. రోజూ అదే బెంచీ, అదే పోట్లాట. ఒకరోజు ఆమె బూటు లేసు తెగితే, తన స్టిక్కుకి చుట్టుకుంటున్న నల్ల టేపు చుట్టని తల ఎత్తకుండానే ఆమె వైపు జరుపుతాడు. అంతే, అధ్యాయం అయిపోయింది!

ఇంతకీ ఇక్కడ రాగం అంటే అనురాగం అని చెప్పుకోవచ్చా?

— అమ్మాయ్, ఒంగోలులో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. రంగు, ఎరుపు, అనురాగం అన్నీ రాగానికి అర్థాలే, కానీ పక్కన 'అనగ' ఉందిగా, పాటే. నీ చమత్కారం నీ దగ్గరుంచుకో, వేమన నెత్తిన పెట్టొద్దు. రెండో పాదం సరిగ్గా రాశావు, సంతోషం. చాలామంది 'తియ్యగనుండు' అంటారు. ఆటవెలదిలో ఆ పాదానికి ఐదూ సూర్యగణాలే రావాలి, ఆ 'గ' చేరిందంటే చెడినట్టే.

— సరే మాస్టారూ, పాటే అనుకుందాం. మరి 'తియ్యనగును' అన్నా గణం సరిపోయేది కదా, 'తియ్యనుండు' అనే ఎందుకన్నాడు? వేపాకు ఎప్పటికీ చేదే, మారేది తినేవాడి నాలుక. ఈ హీరో కూడా సగం పుస్తకమైనా అదే ముక్కోపి, గొడవపడి, తప్పు చేసినవాణ్ణి ఆట ఆపించి కూర్చోబెట్టే పెనాల్టీ బాక్సులో రెండేసి నిమిషాలు కూర్చోవడం మానలేదు, ఆమెకే అతని తిట్లలో తేడా తెలుస్తోంది. అమ్మాయి తగలగానే హీరో మంచివాడైపోయే కథలంటే నాకు చిరాకు.

— బాగా పట్టావు. కానీ పై పాదంలోనూ 'ఉండు' ఉంది, అక్కడ పెరుగుతూ పోవడమే అర్థం. రెంటినీ ఒకే గాటన కట్టకు.

— కట్టను లెండి. రాగం పెరుగుతుంది, వేము అట్నే ఉంటుంది, నాక్కావాల్సిందీ అదే. పుస్తకం అయ్యాక మీకు పంపిస్తా, హాకీ రూల్సు మాత్రం నన్నడగొద్దు.